పరాసురేవులో చేపలు వంగాయి

పరాసురేవు చేపల మార్కెట్లో ఒకటో నంబరు బల్ల సంగాడి నూకరత్నానిది. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే కుడిచేతి పక్కన కనిపించే మొదటి నాపరాయి బల్ల. ఆమెకి ముందు అది ఆమె అత్తది, అత్తకి ముందు అత్తగారి అత్తది. మూడు తరాల ఆడవాళ్ళ మోచేతుల కింద ఆ రాయి అంచు అరిగి నున్నబడిపోయింది. పెద్ద గాలివానకి రేవులోని లాంచీ కొట్టుకొచ్చి పోస్టాఫీసు మెట్లెక్కి కూర్చుందే, ఆ ఏడు మార్కెట్టు పైకప్పు మొత్తం లేచిపోయింది గానీ ఆ బల్ల వెంట్రుక వాసి కదల్లేదు. అలాంటి బల్లకి ఒక చేప బొమ్మ వల్ల ముప్పొచ్చింది.

ఆ చేప ఇక్కడిది కాదు. ఫ్రాన్సు దేశంలో, మంచు కొండల మధ్య, సముద్రం వాసనైనా తగలని దోఫినే అనే సీమది. అక్కడి చేప ఇక్కడికెలా వచ్చిందంటే, ఫ్రెంచివాళ్ళని మన పెద్దవాళ్ళు పరాసులనేవారు. గోదావరి పాయ ఒడ్డున వాళ్ళు వర్తకపు కొఠీ కట్టుకుని ఏలిన రేవు కాబట్టి ఊరికి పరాసురేవని పేరు. వాళ్ళు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. కొఠీలో ఇప్పుడు రేషను బియ్యం పెడుతున్నారు. వాళ్ళ సమాధుల్లో మాత్రం దోఫినే నుంచి వచ్చిన ఒక గుమాస్తాగారి రాయి మిగిలింది. పాపం, ఓడ దిగిన పదకొండో నెలలో జ్వరం తగిలి పోయాడట. ఆ రాతి మీద జానెడు చేప బొమ్మ చెక్కి ఉంది. నూరేళ్ళుగా దాన్ని మేకలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

మునిసిపల్ కమిషనర్ విశ్వంభరం గారు పట్టించుకున్నారు.

ఈ విశ్వంభరం గారు మంచివారే. ఎవరి దగ్గరా చెయ్యి చాచరు. ఏడాదికొక మోజు మాత్రం పట్టుకుంటుంది. అంతకుముందు ఏడు యోగా పట్టుకుంది. వీధులూడ్చేవాళ్ళ చేత చీపుళ్ళు నెత్తిన పెట్టించి ఒంటికాలి మీద నిలబెట్టారు. ఈ ఏడు సమాధి రాయి పట్టుకుంది. అది దోఫినే సీమ రాజలాంఛనమని, అంటే దొరల వంశపు గుర్తని, ఎక్కడో చదివి, ఆ సీమకి తొమ్మిది రోజులు వెళ్ళి, అక్కడి స్నేహ సంఘంవాళ్ళతో మైత్రీ పత్రం రాయించుకుని తిరిగొచ్చారు. వస్తూ వస్తూ ఒక డాలు తెచ్చారు. పసుపుపచ్చని డాలు మీద నీలం రంగు చేప. అంతే, నెల తిరిగేసరికి ఊరి ముఖద్వారం మీద, చెత్త బండి మీద, శ్మశానం గేటు మీద, ఆఖరికి బస్టాండు మరుగుదొడ్ల మీద కూడా అదే చేప. ఆడవాళ్ళ వైపు ఉన్న చేపకి బొట్టు పెట్టారు.

ఒక రోజు పొద్దున మార్కెట్టు ఆడవాళ్ళందరినీ టౌనుహాలుకి పిలిపించి కమిషనర్ గారు ఉపన్యాసం ఇచ్చారు.

"మత్స్య విక్రేతలైన సోదరీమణులారా! దోఫినే రాజలాంఛనము ఏమనగా, స్వర్ణ వర్ణపు డాలుపై నీల వర్ణపు దోఫిన్ మత్స్యము. సదరు మత్స్యమునకు జుట్టు ఎరుపు, గడ్డము ఎరుపు, తోక ఎరుపు, చెవులు ఎరుపు."

రెండో నంబరు బల్ల పైడితల్లి నూకరత్నం చెవిలో గొణిగింది. "సేపకి సెవులేంటే అప్పా?"

"గడ్డమే మొలిసినప్పుడు సెవులుంటే ఏం పోయిందే. ఇను."

కమిషనర్ గారు సాగించారు. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఆ కొండసీమ దొరల్లో ఒకాయనకి దోఫిన్ అని పిలుపు పేరొచ్చింది. ఎందుకొచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. తర్వాతి దొరలు ఆ పేరునే బిరుదు చేసుకుని, ఆ చేపనే డాలుకెక్కించారు. చివరి దొరకి వారసుడు లేక సీమ ఫ్రాన్సు రాజవంశం చేతికి పోయింది. అప్పటి నుంచి సింహాసనానికి రాబోయే రాజుగారి పెద్దకొడుకుని దోఫిన్ అనే పిలిచేవారు.

నూకరత్నం లేచి నిలబడింది. "అంటే బాబుగోరూ, రాజుగోరి కొడుకుని సేపా అని పిలిసేవోరాండి?"

"బిరుదమ్మా. బిరుదు."

"మా పెద్దోణ్ణి మా అత్త బొమ్మిడాయ్ అనే పిలిసేదండి. ఆడికి ఇంతవరకూ ఏ రాజ్యం రాలేదు మరి."

హాలంతా ఘొల్లుమంది. కమిషనర్ గారు నవ్వలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఇంకోటండి," అంది నూకరత్నం. నోరు తెరిచాక మధ్యలో మూసే అలవాటు ఆమెకి లేదు. "దోఫినంటే డాల్ఫినే కదండీ? అది సేప కాదండి. నీళ్ళ మీదకొచ్చి మనిషిలాగ ఊపిరి తీసుకుద్ది. మావోళ్ళు దాన్ని పట్టరు, మేం అమ్మం."

"జీవశాస్త్రం ప్రకారం అది చేప కాకపోవచ్చు," అన్నారు కమిషనర్ గారు. "లాంఛనశాస్త్రం ప్రకారం చేపే. ఈ పురపాలక సంఘం లాంఛనశాస్త్రాన్ని ఆమోదిస్తూ తీర్మానం చేసింది. జీవశాస్త్రాన్ని ఆమోదిస్తూ ఇంతవరకూ ఏ తీర్మానమూ లేదు."

వారం తిరక్కుండా మార్కెట్టు గేటుకి ఉత్తర్వు నంబరు నలభై ఏడు అంటించారు. పైడితల్లి కూతురు కూడబలుక్కుని చదివి వినిపించింది.

"ఇందుమూలముగా యావన్మంది మత్స్య విక్రేతలకు తెలియజేయునది ఏమనగా, లాంఛన జాతికి చెందిన జీవులు బల్లలపై అడ్డదిడ్డముగా పడియుండుట మైత్రికి భంగకరమని ఈ కార్యాలయము అభిప్రాయపడినది. కావున బహిరంగముగా ప్రదర్శింపబడు ప్రతి మత్స్యము పసుపుపచ్చని వస్త్రముపై, శిరస్సు కుడివైపునకు తిరిగి, శరీరము డాలుపై ఉన్న విధముగా అర్ధచంద్రాకృతిలో వీపు వెనుకకు వంగి ఉండవలెను. మూడు పర్యాయములు ఉల్లంఘించినవారి బల్లను స్వాధీనపరచుకొని, సదరు స్థలమున స్వీయచిత్ర వేదిక నిర్మింపబడును."

స్వీయచిత్ర వేదికంటే సెల్ఫీలు దిగే అరుగట.

ఉత్తర్వుని అమలు చేసే పని గున్నేశ్వరరావుకి పడింది. మొన్నటిదాకా అతను దోమల ఇన్‌స్పెక్టరు. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళ తొట్టెల్లోకి తొంగిచూసి గోడల మీద సుద్దముక్కతో తేదీ రాసేవాడు. ఇప్పుడు లాంఛన తనిఖీ అధికారి. మొదటి రోజు పొద్దున్నే, చేతిలో పచ్చటి అట్టడాలు, మెడలో కొలత టేపుతో వచ్చి ఒకటో నంబరు బల్ల ముందు నిలబడ్డాడు.

"తల కుడివైపుకి పెట్టమంటే ఎడమకి పెట్టావేంటమ్మా?"

"కుడికే ఉందండి."

"నాకు ఎడమకి కనపడుతోంది."

"మీకు ఎడమైతే నాకు కుడేనండి మరి. మీరటుపక్క, నేనిటుపక్క."

గున్నేశ్వరరావు జేబులోంచి కాగితం తీసి చదివాడు. "లాంఛనశాస్త్రంలో కుడి అంటే డాలు పట్టుకున్నవాడి కుడి. డాలు పట్టుకుంది నేను. కాబట్టి నా కుడి."

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి," అని నూకరత్నం అట్టడాలు అందుకుని గుండెలకి ఆనించుకుంది. "ఇప్పుడు పట్టుకుంది నేను."

అతను కాసేపు ఆమెనీ డాలునీ చూసి, విషయం పైవారికి నివేదించాడు. పైవారు దాని మీద నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారు. ఆ నాలుగు రోజులూ అతను ఎటుపక్క నుంచి వస్తే ఆడవాళ్ళంతా చేపల తలలు అటు తిప్పుతూ ఉన్నారు. అయిదో రోజు జవాబొచ్చింది. బల్ల వెనక కూర్చున్నవారే డాలుధారులని, వారి కుడే కుడి అని. ఆ విధంగా నూకరత్నం మొదటి రోజు నుంచీ కరెక్టేనని తేలింది గానీ, ఆ ముక్క ఎవరూ కాగితం మీద రాయలేదు.

తర్వాత వర్గీకరణ మొదలైంది. రొయ్యలూ పీతలూ చేపలు కావు కాబట్టి వాటిని లాంఛనేతర జలచరాలుగా ప్రకటించి బల్లల కింద పెట్టమన్నారు. కింద పెడితే పీతలు ఊరుకుంటాయా? ఒకటి గున్నేశ్వరరావు ప్యాంటు అంచు పట్టుకుని ఏడో నంబరు బల్ల దాకా ఊరేగింది. పాముచేపని మొత్తానికే నిషేధించారు. ఇటలీలో ఎవరో దొరల డాలు మీద పాముందట, దాన్ని పోలినది మన బల్ల మీద కనిపిస్తే దోఫినేవాళ్ళు మనసు కష్టపెట్టుకుంటారట. నాలుకచేపకి రెండు కళ్ళూ ఒకే పక్కన ఉంటాయి. అది ఎటు తిరిగి ఉన్నట్టని ఫైలు జిల్లా దాకా వెళ్ళొచ్చింది. "సదరు మత్స్యమును నిష్పక్షపాతమైనదిగా పరిగణించవచ్చును" అని సంతకం పడింది.

ఇవన్నీ ఆడవాళ్ళు నవ్వుకుంటూనే భరించారు. పచ్చగుడ్డ పరవమంటే పరిచారు, తల తిప్పమంటే తిప్పారు. వంచడం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

పరాసురేవులో చేప కొనేవాళ్ళ పద్ధతి వేరు. కళ్ళు చూడరు, మొప్పలెత్తి చూడరు. తల దగ్గర గట్టిగా పట్టి అడ్డంగా గాల్లోకెత్తుతారు. కర్రలా నిలిచిందా, ఆ పొద్దుటి చేప. తోక కిందికి వాలిందా, మారుమాట లేకుండా కింద పెట్టి పక్క బల్లకి పోతారు. ఆరేళ్ళ పిల్లకి కూడా తెలిసిన విద్య అది. ఆ విద్య కమిషనర్ గారి దాకా పోలేదు. ఆయన ఇంటికి చేప ముక్కలై వెళుతుంది.

నూకరత్నం ఒక పండుగప్ప చేపని చేతుల్లోకి తీసుకుని గున్నేశ్వరరావుకి నచ్చజెప్పింది.

"సేప నీళ్ళలో ఎలా ఈదుద్దండీ? ఇలాగ, ఈ పక్కకీ ఆ పక్కకీ. వీపు మీదకి వంగదండి. దేవుడు దానికా ముడి పెట్టలేదు. మీ డాలు మీదుందే, అది ఊపిరి కోసం నీళ్ళ మీదకి ఎగిరి దూకుద్ది, అందుకని వంగుద్ది. దీనికేం పనండి వంగడానికి?"

"రూల్లో వంపు ఉందమ్మా."

"రూల్లో ఉంది గానీ సేపలో లేదండి. వంచాలంటే రెండే దార్లు. వెన్నుముల్లు మూడు సోట్ల ఇరగ్గొట్టాలి. లేదంటే కుళ్ళే దాకా మగ్గబెట్టాలి."

అతను ఆమె మాటలు యథాతథంగా రాసుకుని పైకి పంపాడు. పైనుంచి, రెండు పద్ధతుల్లో ఏదైనా ఆమోదయోగ్యమేనని వచ్చింది.

దాని వెనకే వంపుపీటలు దిగాయి. మూడు మేకులున్న చెక్కపీట. చేపని మేకుల మధ్య ఇరికించి నొక్కితే అర్ధచంద్రాకారం వస్తుంది. నొక్కినప్పుడు మూడుసార్లు టక్కుటక్కుమంటుంది. ఆడవాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి అంతకుముందేడు చీపుళ్ళతో యోగా చేయించిన మాస్టారినే మళ్ళీ పిలిపించారు. ఆయన చేపని పీట మీద పడుకోబెట్టి, "శ్వాస మీద ధ్యాస పెట్టండి" అన్నాడు. ఎవరి శ్వాసో చెప్పలేదు.

ముందు పైడితల్లి లొంగింది. ఇంట్లో మంచం పట్టిన మొగుడు, బల్ల పోతే పొయ్యిలో పిల్లి లేవదు. మొదటి చేపని నొక్కినప్పుడు కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నానికల్లా ఆమె బల్ల మీద పచ్చగుడ్డ మీద పద్నాలుగు నెలవంకలు పడుకున్నాయి.

అప్పుడే దావీదు తాత సంచితో వచ్చాడు. ఆయన పరాసు సైన్యంలో పనిచేసి, ఎక్కడో ఎడారి దేశంలో యుద్ధం చేసొచ్చి, ఇప్పటికీ పరాసు దేశం నుంచి పింఛను అందుకుంటున్న మనిషి. ఊళ్ళో సోల్దా తాత, అంటే సిపాయి తాత, అంటారు. ఫ్రెంచి గడగడా మాట్లాడతాడు, వినేవాళ్ళు లేక చిలక్కి నేర్పాడు. పైడితల్లి బల్ల మీద మాగచేపని తల పట్టి ఎత్తాడు. తోక తడిగుడ్డలా జారి వేలాడింది.

"ఇది సచ్చి ఎన్నాళ్ళయిందే?"

"పొద్దుటేనండి తాతా."

"మరి ఇలా పేలికలా ఉందేంటి?"

"గౌరవానికండి," అంది పైడితల్లి నేలచూపులు చూస్తూ.

తాత దాన్ని కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఒకటో నంబరు బల్లకొచ్చాడు. మిగతా జనం అంత ఓపిక పట్టలేదు. వంగిన చేప తిని ఎవరికో వాంతులయ్యాయని ఒక పుకారు, లేదు పోయారని ఇంకో పుకారు. నిజానికి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కొనేవాళ్ళు రేవు దాటి అవతలి ఒడ్డు సంతకి పోవడం మొదలుపెట్టారు.

నూకరత్నం వంచలేదు. బల్ల పక్క గోడ మీద గున్నేశ్వరరావు సుద్దముక్కతో మొదటి ఉల్లంఘన రాశాడు. పది రోజులకి రెండోది రాశాడు. రాసి వెళ్ళిపోకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క చేప వంచు. ఒక్కటే. ఫొటో తీసుకుని పోతాను, మళ్ళీ ఇటు చూడను. వచ్చే మంగళవారం ఫ్రాన్సు నుంచి పెద్దమనుషులొస్తున్నారు. ఆ రోజు మూడోది రాయాల్సొస్తే బల్ల పోతుంది."

"మా అత్త కాణ్ణించి ఈ బల్ల మీద తోకవాలిన సేప పెట్టలేదు బాబూ."

"మీ అత్త లేదు కదమ్మా చూడ్డానికి."

"ఆవిడ లేదు. కొనుక్కున్నోళ్ళున్నారు కదా."

అన్నదే గానీ, ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక నూకరత్నం పైడితల్లి పీట అడిగి తెచ్చుకుంది. బల్ల పోతే తనకి ఏం మిగులుతుందో ఆమెకి తెలుసు. గంప నెత్తిన పెట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగే వయసు దాటిపోయింది, మోకాళ్ళు ఏనాడో తిరగబడ్డాయి. ఒక చిన్న కొయ్యింగ చేపని తీసుకుని మేకుల మధ్య పెట్టింది. బొటనవేలు వెన్ను మీద ఆనించింది. చేప చల్లగా, బిగుతుగా, పొద్దున ఏట్లోంచి తీసినప్పటిలాగే ఉంది. తర్వాత చేపని తీసి కడిగి, మళ్ళీ తిన్నగా పెట్టింది.

"పీట తీసుకోవే," అంది పైడితల్లితో. "నా సేతికి రావట్లేదు."

మంగళవారం వచ్చింది. మార్కెట్టంతా పచ్చ తోరణాలు. కమిషనర్ గారు పచ్చ లాల్చీ మీద నీలం కండువా వేసుకున్నారు. ఒకటో నంబరు బల్ల గేటు పక్కనే ఉండడం పెద్ద ఇబ్బందయింది. దాని మీద చేపలతో సహా పచ్చగుడ్డ కప్పేసి, ముందు నాలుగు పూలకుండీలు పెట్టించారు. నూకరత్నాన్ని కుండీల వెనక కదలకుండా కూర్చోమన్నారు. మూడో ఉల్లంఘన నోటీసు గున్నేశ్వరరావు జేబులో తయారుగా ఉంది.

స్నేహ సంఘం తరఫున వచ్చినవాళ్ళలో పెద్దది ఇవెత్ అనే ముసలమ్మ. డెబ్భై దాటాయి. దిట్టమైన జబ్బలు, మోటు చేతులు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. బల్లల మధ్య నడుస్తూ ఒక చోట ఆగింది, ఇంకో చోట ఆగింది, ఏదో అడిగింది.

కమిషనర్ గారు మైకులో అనువదించారు. "ఇంతటి క్రమశిక్షణ కలిగిన మత్స్యములను జన్మలో చూడలేదని మదాం గారు ఆనందబాష్పాలు రాలుస్తున్నారు."

జనంలోంచి దావీదు తాత గొంతు లేచింది. "అలా అన్లేదండి బాబూ. ఈ సేపల మీంచి లారీ ఏవైనా ఎళ్ళిందా అని అడుగుతోంది."

కమిషనర్ గారి చెయ్యి మైకు మీదకి పోయింది గానీ, అప్పటికే ఇవెత్తమ్మ తాత వైపు తిరిగి గలగలా మాట్లాడేస్తోంది. పైడితల్లి బల్ల మీద మాగచేపని తలపట్టి ఎత్తింది. అచ్చం మనవాళ్ళు ఎత్తినట్టే. తోక వాలింది. ఆవిడ ముఖం చిట్లించి దాన్ని మెల్లగా, చంటిపిల్లని దింపినట్టు కింద పెట్టింది. వెనక్కి తిరిగి గేటు వైపు నడుస్తుంటే, పచ్చగుడ్డ అంచు కింద నుంచి తిన్నటి తోక ఒకటి కనిపించింది. కుండీని కాలితో పక్కకి జరిపింది. గుడ్డ లాగేసింది. పండుగప్పని ఎత్తింది.

అది ఇనప కమ్మీలా నిలబడింది.

ఇవెత్తమ్మ నవ్వింది. ఆమెకెదురుగా కూర్చున్న నూకరత్నమూ నవ్వింది. ఇద్దరికీ పై వరసలో ఒకే చోట పన్ను లేదు.

"ఏవంటందండి తాతా?"

"వాళ్ళ నాన్న సరస్సులో సేపలు పట్టేవోడంట. ఇదీ సేపంటే, అంటంది."

"మరా బొమ్మ సంగతడగండి. వాళ్ళూళ్ళో కూడా సేపల్ని ఇరగ్గొడతారేమో."

తాత అడిగాడు. ఆవిడ డాలు వైపు చూసి భుజాలెగరేసింది. "ఆ బొమ్మ వాళ్ళూళ్ళో పాత కోట గోడ మీదుంటదంట. సేపలు అంగట్లో ఉంటాయంట. ఆ రెంటికీ ఎప్పుడూ పరిచయం లేదంట."

మర్నాడు పేపర్లో ఇవెత్తమ్మా నూకరత్నమూ చెరోవైపు పట్టుకున్న పండుగప్ప ఫొటో పడింది. కలెక్టరు గారు చూసి మెచ్చుకున్నారని తెలిసింది. కమిషనర్ గారు ఒక గంటసేపు తలుపేసుకుని కూర్చున్నారు. బయటికొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. తిన్నని చేప ఆలోచన పురపాలక సంఘానిదేనని, సదరు విషయం ముందు నుంచీ పరిశీలనలో ఉన్నదని ప్రకటన వెలువడింది. వంపుపీటలు కొఠీలో రేషను బియ్యం పక్కకి పోయాయి. నోటీసు గున్నేశ్వరరావు జేబులోనే చిరిగిపోయింది. నూకరత్నానికి టౌనుహాల్లో శాలువా కప్పారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఉత్తర్వు నంబరు నలభై ఎనిమిది వచ్చింది. ఇరు దేశాల చేతులు కలిసిన చోటు కాబట్టి ఒకటో నంబరు బల్లని మైత్రీ శిలగా ప్రకటించారు. చుట్టూ ఇత్తడి గుబ్బలున్న ఇనప కటకటాలు కట్టి, నూకరత్నం బొమ్మ ఉన్న బోర్డు పెట్టారు. శిలకి పది మీటర్ల లోపల చేపల అమ్మకం, తడి, వాసన నిషేధం.

నూకరత్నం ఆఫీసుకి వెళ్ళింది. కమిషనర్ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టి కుర్చీ వేయించారు.

"నా బల్ల నాకిచ్చెయ్యండి బాబుగోరూ."

"అది ఇప్పుడు బల్ల కాదమ్మా. శిల."

"శిలయితే శిలేనండి. దాని మీదే సేపలు పెట్టుకుంటాను."

"అలా వీలుపడదు. మిమ్మల్ని గౌరవించాం. గౌరవాన్ని వెనక్కి తీసుకునే నిబంధన లేదు."

"నాకొద్దండి ఆ గౌరవం."

"వద్దనడానికి దరఖాస్తు నమూనా లేదమ్మా." కమిషనర్ గారు నిజంగానే నొచ్చుకుంటూ బీరువాలోంచి ఒక కాగితం తీసి, దాని మీద నాలుగు ముక్కలు రాశారు. "ఒక్కటే మార్గం ఉంది. గౌరవం పొరపాటున జరిగిందని తేలాలి. ఆ మంగళవారం మీ బల్ల మీద ఉన్నది ముందు రోజు మిగిలిపోయిన చేప అని ఇక్కడ సంతకం పెట్టండి. గౌరవం దానంతటదే రాలిపోతుంది. శిల మళ్ళీ బల్ల అవుతుంది. బల్ల మీకే వస్తుంది."

నూకరత్నం కాగితం అందుకుంది. సంతకం పెట్టడం ఆమెకి వచ్చు, వయోజన బడి రోజుల్లో నేర్చుకుంది. గున్నేశ్వరరావు కలం మూత తీసి ఇచ్చాడు.

"పెట్టమ్మా," అన్నాడు లోగొంతుకతో. "ఫైల్లో ఉండిపోతుంది. ఎవరూ చదవరు."

"మేమూ చదవం," అన్నారు కమిషనర్ గారు, ధైర్యం చెబుతూ.

ఆమె కలం పట్టుకుని కాగితాన్ని బల్ల మీద పరిచింది. గోడ గడియారం కింద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కాగితం చివర ఎగురుతుంటే గున్నేశ్వరరావు వేలితో నొక్కిపట్టాడు.

"నిన్నటి సేపని రాసుందాండి ఇక్కడ?"

"అవునమ్మా."

"ఎవరూ సదవకపోయినా అది నాకు తెలుసు కదండీ," అని కలం బల్ల మీద పెట్టి లేచింది.

మర్నాడు పొద్దున గున్నేశ్వరరావు చేతే శిల నుంచి పది మీటర్లు కొలిపించింది. ఆ కొలత గేటు దాటి, మురిక్కాలవ దాటి, సైకిళ్ళ కొట్టు ముందు ఎండలో తేలింది. ఇంకో మూర అవతలికి జరిగి, గోనె పరుచుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా చతికిలబడి గంప దించింది. ముందు దావీదు తాత వచ్చాడు. ఆయన వెనక అవతలి ఒడ్డు సంతకి అలవాటుపడిన జనం ఒక్కొక్కరే ఇటు మళ్ళారు. మూడో రోజు, ఆ పది మీటర్ల లోపలే తన బల్ల కూడా పోయిన పైడితల్లి గంపతో వచ్చి, "కాస్త జరగవే అప్పా," అంది. కొనేవాళ్ళు బయటే ఆగిపోయేసరికి పదిహేను రోజులకి ఆడవాళ్ళంతా రోడ్డు మీదే. లోపల మార్కెట్లో పచ్చ తోరణాలు, కటకటాల్లో రాయి, దాని మీద ఎండకి పడుకున్న పిల్లి.

నెలాఖరున గున్నేశ్వరరావు శిల దగ్గర నిలబడి నివేదిక రాశాడు. "పరిసరములలో వాసన లేదు. తడి లేదు. మత్స్యము లేదు. మనుష్యులు లేరు. పరిరక్షణ సంపూర్ణము." సంతకం చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చేతిసంచి దులుపుకుంటూ గేటు బయటికి నడిచాడు. నూకరత్నం గంప ముందు వరస సైకిళ్ళ కొట్టు మలుపు దాకా ఉంది. వెళ్ళి చివర్న నిలబడ్డాడు. అతని ముందు నిలబడింది కమిషనర్ గారి డ్రైవరు. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే, ఎండ వైపు చూస్తూ నిలబడ్డారు.